వెల్ల వేసే ముందు: ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

1926 ఏప్రిల్‌లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు మెట్టకు తరలివచ్చిన విశ్వవిద్యాలయానికి వందేళ్ల పండుగ వచ్చింది. మన భాషలో 'నూరేళ్లు నిండాయి' అన్న మాటకు మరో అర్థం ఉంది గనక, అందరం జాగ్రత్తగా 'శత వసంతాలు' అంటున్నాం. ఏ పేరు పెట్టుకున్నా ఇలాంటప్పుడు మన సంస్థలు చేసే పనులు దాదాపు ఒకటే: గోడలకు రంగు, గేటుకు ఆర్చి, ఆర్ట్ పేపరు మీద మందపాటి ప్రత్యేక సంచిక, ఓ కొత్త శిలాఫలకం. వాటికి నేను అడ్డు చెప్పను. ఈ లేఖ ఒక్క పని గురించే, అదీ సైన్స్ కాలేజీ పాత భవనాల గురించి. మరమ్మతుల మేస్త్రీ లోపల అడుగు పెట్టక ముందే ఆ భవనాలకు గదివారీగా చరిత్ర రాయించండి. ఎవరు శంకుస్థాపన చేశారు, ఎవరు రిబ్బను కత్తిరించారు అన్న చరిత్ర నేను అడగడం లేదు. ఏ గదిలో ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏ పని జరిగింది, ఏ పరికరం ఏ మూల నిలిపారు, ఏ రసాయనం ఎక్కడ వాడారు, ఎవరెవరు అక్కడ పనిచేశారు, గోడ పగలగొట్టి తలుపు ఎప్పుడు పెట్టారు, దాన్ని మళ్లీ ఇటుకలతో ఎప్పుడు మూశారు అన్నది కావాలి. ప్రయోగశాలకు భవన చరిత్ర అంటే ఇదేనని, తక్కినది అతిథుల జాబితా అని నా వాదన.

బడికీ కచేరీకీ భవనం నీడ మాత్రమే. ప్రయోగశాలకు మాత్రం భవనమే మొదటి పరికరం. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాల దీనికి సాక్ష్యం. ఆ విశ్వవిద్యాలయానికి అప్పటి ఛాన్సలర్, ఏడో డెవన్‌షైర్ డ్యూక్ విలియం కావెండిష్ 1870లో 6,300 పౌండ్లు ఇస్తానన్నాడు. 1874లో పని పూర్తయ్యేసరికి ఖర్చు ఎనిమిది వేలు దాటింది. 1871లో ఆచార్య పదవికి ఎంపికైన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ముందు గ్లాస్గో, ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాలలు చూసి వచ్చి, ఆ తర్వాతే ప్లాను గీయించే పనిలో కూర్చున్నాడు. అయస్కాంతత్వం కొలిచే గది నేల అంతస్తులోనే ఉండాలన్నాడు. అందులోని రాతి బల్లలను గది నేలతో సంబంధం లేకుండా సొంత పునాదుల మీద నిలబెట్టించాడు, పక్కన ఎవరో నడిచిన అదురు సూదికి తగలకూడదని. ఆ ప్రాంగణంలోనే 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను, 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను పట్టుకున్నారు. 1974లో భౌతికశాస్త్రం ఊరి పడమటి అంచుకు వెళ్లిపోయింది, పాత గదుల్లోకి వేరే శాఖలు వచ్చాయి. అయినా ఏ గోడ వెనక ఏం జరిగిందో చెప్పగల లెక్క అక్కడ మిగిలింది. భౌతికశాస్త్రజ్ఞుడు కపిట్సా కోసం 1933లో కట్టిన మాండ్ ప్రయోగశాల ఇటుక గోడ మీద ఎరిక్ గిల్ చెక్కిన మొసలి కూడా అలాగే ఉంది. అద్దెకున్నవాళ్లు మారినా ఇంటి గుర్తులు చెరిగిపోలేదు.

మనకు వాళ్లంత డబ్బు ఎక్కడిది అనే మాట ఇక్కడే వస్తుంది. మొసలి బొమ్మ సంగతి వదిలేయండి. వాల్తేరు కథలో సరుకు తక్కువేమీ కాదు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తా బౌబజారు వీధి 210వ నంబరు భవనంలో రామన్, కృష్ణన్ చూసిన కాంతి విషయం తెలుగు పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివిందే. అదే ఏడాది హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం రామన్ దగ్గరకు చేరాడు. ఫోటాన్‌కు భ్రమణం ఉందనడానికి ప్రయోగపూర్వక ఆధారం చూపుతూ గురుశిష్యులు 1931లో పరిశోధనపత్రం ప్రచురించారు. 1932లో, ఇరవై మూడేళ్లు నిండకుండానే, రామన్ సిఫార్సుతో భగవంతం వాల్తేరులో ఉపన్యాసకుడయ్యాడు. అప్పటి ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. మరుసటి ఏడు టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్ర శాఖ బాధ్యత తీసుకున్నాడు; పువ్వుల్లో రంగునిచ్చే ఫ్లేవనాయిడ్ల నిర్మాణం తేల్చే పనిలో పేరు తెచ్చుకుని, 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. వర్ణపటశాస్త్రంలో కె. రంగధామరావు తన శిష్యవర్గాన్ని తయారు చేశాడు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం మీద భగవంతం రాసిన గ్రంథాన్ని 1940లో, టి. వెంకటరాయుడితో కలిసి గ్రూపు సిద్ధాంతం మీద రాసిన గ్రంథాన్ని 1948లో ప్రచురించింది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. లండన్ నుంచో బెర్లిన్ నుంచో కాదు, సముద్రపు ఉప్పుగాలి తగిలే ఈ మెట్ట మీది నుంచి వచ్చిన పుస్తకాలవి.

ఆ ఉప్పుగాలి మాట ఊరికే అనలేదు. 1930ల్లో రామన్ ఫలితాన్ని కొలవడమంటే పాదరసపు దీపం వెలిగించి, ద్రవం నుంచి పక్కకు చెదిరే అతి నీరసమైన కాంతిని వర్ణపటమాపకంలోకి పంపి, ఫోటో ప్లేటు మీద గంటల తరబడి పడనివ్వడం. గది చీకటిగా ఉండాలి, అదరకూడదు, వేడి ఒక్క తీరుగా ఉండాలి. ఉక్కపోత, తేమ, తుప్పు ఉన్న ఊళ్లో వీటిని ఎలా సాధించారన్నది పరిశోధనపత్రంలో రాయరు. పత్రంలో ఫలితం ఉంటుంది, ఒక పటం ఉంటుంది, చివర ఒక కృతజ్ఞత ఉంటుంది. ఏ వైపు గది ఎంచుకున్నారు, కిటికీలకు ఏం అడ్డం పెట్టారు, కరెంటు హెచ్చుతగ్గులను ఎలా తట్టుకున్నారు, గాజు గొట్టాలు ఊదిన పనివాడు ఎవరు అన్నవి భవనమే చెప్పాలి, లేదా స్టాక్ రిజిస్టరు చెప్పాలి. శాస్త్రం పత్రాల్లో ఉంటుంది గానీ గోడల్లో కాదని మీ సహచరులలోనే కొందరు అనవచ్చు. ఫలితం వరకు అది నిజమే. కానీ పేద దేశంలో, కొత్త విశ్వవిద్యాలయంలో, తక్కువ సరంజామాతో ఆ ఫలితం ఎలా సాధ్యమైందన్నది వేరే ప్రశ్న. ఇవాళ ఏదో ఒక జిల్లా కేంద్రంలో కొత్తగా ల్యాబ్ పెట్టుకునే అధ్యాపకుడికి పనికొచ్చేది ఈ రెండో ప్రశ్నకు జవాబే.

పత్రాలే చాలనేవాళ్లకు 1942 మరో జవాబు ఇస్తుంది. ఆ ఏడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక గానీ వెనక్కి రాలేదు. చూశారా, భవనం లేకుండానే శాస్త్రం సాగింది కదా అని ఇక్కడ ఎదురు ప్రశ్న వేయవచ్చు. బలమైన ప్రశ్నే, తోసిపుచ్చను. కానీ దానికి సరైన జవాబు గదివారీ చరిత్ర ఉన్నప్పుడే దొరుకుతుంది. పువ్వుల నుంచి రంగు తీసి స్ఫటికం కట్టించే పని కుప్పెలు, బర్నర్లు ఉంటే మరో ఊళ్లో సాగవచ్చు. పెద్ద వర్ణపటమాపకాన్ని కదిలించి మళ్లీ సరిచేయడం అంత సులువు కాదు. ఏవి పెట్టెల్లో సర్దారు, ఏవి వదిలేశారు, ఏవి తిరిగి వచ్చాయి, తిరిగి వచ్చాక ఏ గదికి చేరాయి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు పేర్చి, ఆ ఏళ్ల పరిశోధనపత్రాల పక్కన పెట్టి చూస్తే, ఏ రకం శాస్త్రానికి గోడలు ఎంత అవసరమో మన అనుభవం నుంచే తేలుతుంది. ఇంత చక్కని పరీక్షను చరిత్ర మన ముందు పెట్టి పోయింది. దాన్ని మనం దిద్దుకోవాలి.

యుద్ధం తర్వాతి కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఒకటుంది. బౌబజారులో రామన్ దగ్గర ఎక్స్‌ కిరణాలతో బొగ్గును పరిశీలించిన సి. మహదేవన్ 1940ల్లో ఇక్కడి భూగర్భశాస్త్ర శాఖకు వచ్చాడు. 1950ల్లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ వాల్తేరుకు రావడంతో, కిటికీలోంచి కనబడే బంగాళాఖాతమే పరిశోధనా క్షేత్రమైంది. తీరానికి ఎదురుగా సముద్రపు అడుగున ఖండపు వాలులో ఉన్న లోయలను వర్ణిస్తూ 1960ల్లో లాఫాండ్ రాసిన పత్రంలో వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. అంటే ఈ ప్రాంగణంలో పాఠం చెప్పిన ఒక ఆచార్యుడి పేరు సముద్రం అడుగున శాశ్వతంగా ఉంది. ఎవరూ వెల్ల వేయలేని చోటు అదొక్కటే కాబోలు. ఆ లోతులు కొలిచిన కాగితాలను ఏ బల్ల మీద పరిచారో, సముద్రపు నీటి సీసాలు ఏ గది అరల్లో నిలబెట్టారో చెప్పే చిన్న పలక ఒకటి నేల మీద కూడా ఉంటే, ఇవాళ ఆ వరండాలో నడిచే విద్యార్థికి కిటికీ అవతలి సముద్రం వేరేగా కనబడుతుంది.

లెక్క రాసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి మళ్లీ బౌబజారుకే వెళ్లాలి. రామన్ అక్కడ పనిచేసిన పరిశోధనా సంస్థ, మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించినది, స్వాతంత్ర్యం వచ్చాక జాదవ్‌పూర్‌కు మారింది. ఆ 210వ నంబరు స్థలంలో ఇప్పుడున్నది ఓ కామర్స్ కాలేజీ. ఏటా ఫిబ్రవరి 28న దేశమంతా సైన్స్ దినోత్సవం చేసుకుంటుంది. ఏ సంఘటన కోసం చేసుకుంటున్నామో అది జరిగిన చోట జమాఖర్చుల పాఠం నడుస్తుంటుంది. కామర్స్ మీద నాకు చిన్నచూపు లేదు. సంస్థలు మారతాయి, మారాలి కూడా. కానీ భారతీయ భౌతికశాస్త్రంలో అంతటి గదిని చూసి రావాలనుకున్నవాడు ఎక్కడికి వెళ్లాలి? వాల్తేరులో భగవంతం, మహదేవన్ ఇద్దరూ ఆ భవనం నుంచి వచ్చినవాళ్లే. పుట్టిల్లు పోయింది గనక, మెట్టినింటి లెక్కన్నా పదిలంగా ఉంచుకోవాలని అడగడంలో అత్యాశ లేదనుకుంటాను.

ఇదంతా గతం మీద మోజు అని మీ ఇంజినీరింగ్ విభాగం అనవచ్చు. అందుకే మాంచెస్టర్ సంగతి చెప్పాలి. అక్కడ 1900లో తెరిచిన భౌతికశాస్త్ర భవనంలో రూథర్‌ఫర్డ్ 1907 నుంచి 1919 వరకు పనిచేశాడు. పరమాణువుకు కేంద్రకం ఉందన్న సంగతి తేలింది అక్కడే. దశాబ్దాల తర్వాత ఆ గదుల్లోకి మనస్తత్వశాస్త్ర శాఖ వచ్చింది. అక్కడ పనిచేసిన కొందరు క్యాన్సర్‌తో చనిపోవడంతో, పాత రేడియం, పాదరసం జాడలే కారణమా అన్న అనుమానం 2008 ప్రాంతంలో గట్టిగా రేగింది. విశ్వవిద్యాలయం ఆచార్య డేవిడ్ కాగన్ చేత స్వతంత్ర విచారణ చేయించింది. ఆ జాడలు ఆ మరణాలకు కారణమై ఉండే అవకాశం బహు తక్కువని 2009లో ఆయన తేల్చాడు. ఆ మాట నమ్మదగ్గట్టు చెప్పాలంటే ఏ గదిలో ఏ పదార్థం వాడారు, తర్వాత ఆ గదిలో ఎవరు ఎన్నేళ్లు కూర్చున్నారు అన్న వివరాలు తవ్వి తీయాల్సి వచ్చింది. ప్రయోగశాల చరిత్ర ఒక రోజున ఆరోగ్య రికార్డు కూడా అవుతుంది. వాల్తేరులో ప్రమాదం ఉందని నేను అనడం లేదు, అలా అనడానికి నాకు ఏ ఆధారమూ లేదు. పాదరసపు దీపాలు, సాల్వెంట్లు, ఆమ్లాలు వాడిన ఏ పాత భవనంలోనైనా నేల తవ్వే ముందు, సింకు గొట్టాలు మార్చే ముందు, ఇక్కడ ముందు ఏముండేది అని అడగడం ఇంజినీరింగే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసినప్పుడు మనం చూశాం: చెట్టు ఏ గోడ మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ గోడ లోపల ఏముందో మాత్రం ముందే రాసిపెట్టుకోవచ్చు.

ఇలాంటి చరిత్ర చివరికి పెద్దవాళ్ల భజనగా తేలుతుందన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇంతవరకు ఈ లేఖలో నేనూ ఆచార్యుల పేర్లే వల్లించాను. కానీ మనిషివారీ చరిత్ర రాస్తే భజన వస్తుంది, గదివారీ చరిత్ర రాస్తే అంత సులువుగా రాదు. గదిలోకి ఆచార్యుడు వచ్చిపోతాడు. తాళం తీసే అటెండరు, గాజు ఊదే పనివాడు, మోటారు బాగుచేసే మెకానిక్కు, ప్లేట్లు కడిగే ల్యాబ్ అసిస్టెంటు అక్కడే ముప్ఫై ఏళ్లు ఉంటారు. హాజరు పట్టీల్లో, జీతాల బిల్లుల్లో వాళ్ల పేర్లుంటాయి. గదిని కేంద్రం చేసుకుంటే ఆ పేర్లు రాయక తప్పదు.

దాత విషయంలోనూ అంతే. ఈ కాలేజీకి మొదట పెట్టిన పేరు జయపురం విక్రమదేవ వర్మ శాస్త్ర సాంకేతిక కళాశాల. ఇవాళ వాడుకలో వినిపించేది ఒట్టి 'సైన్స్ కాలేజీ'. ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేసిన ఆ మహారాజు ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశాడు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో వేరే చెప్పాలా. అప్పటికి జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ ఏజెన్సీ భాగం. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అటు పోయింది. సరిహద్దు అవతలి సంస్థానం సొమ్ముతో సరిహద్దు ఇవతల శాస్త్రం నడిచింది. ఆ పేరును పూర్తిగా నిలపాలని కొందరు, జమీందారీ గుర్తు మనకెందుకని కొందరు వాదించవచ్చు. నా ఉద్దేశంలో రెండూ సగం సగం మాటలే. దాత పేరు రాయండి, పక్కనే ఆ లక్ష ఎక్కడిదో కూడా రాయండి. సంస్థానం రాబడి రైతుల శిస్తు, ఆ రైతుల్లో ఎంతోమంది కొండల్లోని ఆదివాసులు. కోరాపుట్ కొండల మీద చెమటోడ్చిన కుటుంబాల పిల్లలు ఈ ప్రయోగశాలల్లో ఎందరు చదివారన్న ప్రశ్న అప్పుడు దానంతట అదే పైకి వస్తుంది. రావాలి కూడా.

ఇక చేసే తీరు. ఇందుకు కోట్లు అక్కర్లేదు, కమిటీ మీద కమిటీ అసలే వద్దు. చరిత్ర శాఖ నుంచి ఇద్దరు, భౌతిక, రసాయన, భూగర్భ శాఖల నుంచి ఒక్కొక్కరు, ఇంజినీరింగ్ విభాగం నుంచి ప్లాన్లు చదవగలిగిన ఒకరు చాలు. సెనేట్, సిండికేట్ మినిట్స్, డెడ్ స్టాక్ రిజిస్టర్లు, పాత టెండర్లు, వైరింగ్ పటాలు మొదటి ఆధారాలు. స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు ప్రభుత్వంతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాల కోసం చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు ఒక మనిషిని పంపాలి. రిటైరైన సిబ్బందిని ఆ గదుల్లోకే తీసుకొచ్చి, గోడల మధ్య నిలబెట్టి అడిగితే, ఇంటి దగ్గర గుర్తురానివి గుర్తొస్తాయి. ఎనభై దాటినవాళ్లతో ఆ పని మొదలుపెట్టాలి, ఎందుకో మీకు తెలుసు. ఫలితాన్ని ముందు పుస్తకంగా వేయకండి. ప్రతి గది తలుపు పక్కన ఒక చిన్న పలక, డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో ఎవరైనా తిరగేయగల ఒక రిజిస్టరు, తప్పులుంటే రాయడానికి అందులో కుడివైపు ఖాళీ పేజీ ఉంటే సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. కండెమ్ అయిన సామాన్ల జాబితా వేలానికి వెళ్లే ముందు నెల రోజుల పాటు దాని నకలు గ్రంథాలయంలో ఉండాలి. ఇనుము తూకం కింద పోయే వాటిలో గీతలు పడ్డ ఇత్తడి చట్రం ఏదైనా ఉంటే, అది ఏ గదిలోదో చెప్పగల మనిషి ఎవరో ఒకరు ఆ నెలలో వచ్చి చూసుకుంటారు.

నమస్కారాలతో,
ఒక తెలుగు పాఠకుడు